పగడాలను ముక్కలు కోసి పెంచడం: ట్యాంకు కోసం ఎలా, సముద్రం కోసం ఎలా

అడిగిన విషయం ఇదీ: 150 లీటర్ల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం) ఏడాదిగా నడుస్తోంది. అందులో ఆక్రోపోరా, మాంటిపోరా, ఒక హ్యామర్ అనే గట్టి పగడాలు, కొన్ని జొవాంథిడ్లు (పగడాలకు చుట్టాలైన, అస్థిపంజరం లేని జీవులు) ఉన్నాయి. వీటిని ముక్కలు చేసి పెంచి కొన్ని హాబీవాళ్లకు అమ్మాలని, మిగిలినవి దెబ్బతిన్న పగడపు దిబ్బల మీద నాటడానికి ఇవ్వాలని ఆలోచన. రెండుసార్లు ప్రయత్నిస్తే ముక్కలు వారం తిరక్కుండానే తెల్లబడి పోయాయి. తప్పు ఎక్కడ?

రెండో ఆలోచనకు ముందు జవాబు చెప్పేస్తాను. ట్యాంకులో పెరిగిన ముక్క సముద్రంలోకి వెళ్లకూడదు, ఎంత ఆరోగ్యంగా ఉన్నా సరే. ఎందుకో చివర్లో వస్తుంది. కోసే పద్ధతి మాత్రం రెండు పనులకూ దాదాపు ఒకటే.

ఇక ముక్కలు పోవడం గురించి. కోత వల్లే పగడం చావడం అరుదు. తుఫాను వచ్చినప్పుడు సముద్రంలో కొమ్మ పగడాలు విరిగి పక్కన పడతాయి, పడ్డచోటే అతుక్కుని కొత్త కాలనీలవుతాయి. విరగడం వాటికి కొత్తేమీ కాదు. ముక్క చచ్చిందంటే కోతకు ముందు నెలలో నీళ్లు ఎలా ఉన్నాయి, తర్వాతి రెండు వారాల్లో ఏం జరిగింది అని వెతకాలి.

ముందుగా ‘తెల్లబడింది’ అంటే ఏ తెలుపో చూడాలి. భూతద్దం పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. తెల్లగా ఉన్నా పైన గాజులాంటి పల్చటి కండ, పాలిప్‌లు (పువ్వుల్లాంటి చిన్న జీవులు, ఇవన్నీ కలిస్తేనే పగడపు కాలనీ) కనబడుతుంటే అది బ్లీచింగ్. కండలో ఉండే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు వెళ్లిపోయాయన్నమాట. వేడో, ఒక్కసారిగా పెరిగిన వెలుతురో దీనికి కారణం, ముక్క ఇంకా బతికే ఉంది, నీడకు మార్చితే కోలుకోవచ్చు. అలా కాకుండా కండే ఊడిపోయి ఉత్త సున్నపు అస్థిపంజరం కనిపిస్తుంటే అది కణజాలం పోవడం. అడుగు నుంచి రోజుకు కొంచెం చొప్పున పైకి పాకుతుంటే చాలావరకు ఆల్కలినిటీ (నీళ్లలో కరిగిన కార్బొనేట్ల మోతాదు) ఊగిసలాటే. కొన్ని గంటల్లో మొత్తం చర్మంలా ఊడి వచ్చేస్తే దాన్ని హాబీలో ఆర్‌టీఎన్ (రాపిడ్ టిష్యూ నెక్రోసిస్) అంటారు. అప్పుడు ఇంకా బాగున్న కొసను విరిచి వేరేగా పెట్టుకోవడం తప్ప చేయగలిగింది తక్కువ. చిన్నచిన్న గుండ్రటి పాలిపోయిన మచ్చలుంటే ఆక్రోపోరాను తినే ఫ్లాట్‌వార్మ్ అనే పల్చటి పురుగు కొరికిన గుర్తులవి.

నీళ్లు

కోతకు కనీసం నెల ముందు నుంచి ఈ అంకెలు కదలకుండా ఉండాలి: ఉష్ణోగ్రత 25–26 డిగ్రీలు, లవణీయత 35 పీపీటీ (కిలో నీళ్లకు 35 గ్రాముల ఉప్పు), ఆల్కలినిటీ 7.5 నుంచి 8.5 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే యూనిట్) మధ్య ఏదో ఒకచోట, కాల్షియం 400–450 పీపీఎం (అంటే లీటరుకు మిల్లీగ్రాములు, తర్వాతి అంకెలూ అందులోనే), మెగ్నీషియం 1250–1350, నైట్రేట్ 2–10, ఫాస్ఫేట్ 0.03–0.1. ‘ఏదో ఒకచోట’ అన్నది కావాలనే అన్నాను. 7.5 దగ్గర నిలబడిన ట్యాంకులో పగడాలు బాగుంటాయి, 8.5 దగ్గర నిలబడినా బాగుంటాయి. సోమవారం 7, గురువారం 9 అయితే మాత్రం ఉండవు.

నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు తేవడం గొప్ప అనుకోవడం పాత అలవాటు. రెండూ సున్నా అయితే పగడం రంగు పాలిపోతుంది, ఇసుక మీద గోధుమరంగు జిగురు తీగల్లా డైనోఫ్లాజెలేట్లు లేస్తాయి. ఆ పరిస్థితిలో ఆల్కలినిటీ కూడా 9 దాటించారంటే ఆక్రోపోరా కొసలు కాలినట్టు తెల్లగా అవుతాయి.

ముక్కలు పెరిగేకొద్దీ ఆల్కలినిటీ, కాల్షియం రెండింటినీ లాగేస్తాయి, అస్థిపంజరం కట్టేది వాటితోనే కదా. లెక్క సులువు. ఆల్కలినిటీ 2.8 డీకేహెచ్ తగ్గితే దానితో పాటు కాల్షియం సుమారు 20 పీపీఎం తగ్గుతుంది. మీ ట్యాంకులో రోజుకు 1 డీకేహెచ్ పడిపోతోందనుకోండి. వంద లీటర్ల నీళ్లలో 1 డీకేహెచ్ పెంచడానికి 3 గ్రాముల సోడియం బైకార్బనేట్ కావాలి, అంటే 150 లీటర్లకు నాలుగున్నర గ్రాములు. అదే రోజు కాల్షియం 7 పీపీఎం పోయి ఉంటుంది. దానికి కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ సుమారు 4 గ్రాములు. రాళ్లు, ఇసుక ఆక్రమించిన చోటు తీసేసి అసలు నీళ్లెన్నో చూసి లెక్కేయండి, 150 లీటర్ల ట్యాంకులో 150 లీటర్ల నీళ్లు ఉండవు. రెండింటినీ విడివిడిగా ఆర్‌ఓ నీళ్లలో కరిగించి, వేర్వేరు సమయాల్లో, నీళ్లు జోరుగా కదిలేచోట పోయాలి. రెండూ ఒకేచోట కలిస్తే తెల్లగా విరిగి సున్నంగా దిగిపోతాయి, పోసింది దండగ. ఒక రోజులో 1 డీకేహెచ్‌కు మించి పెంచొద్దు.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఇరవై ముక్కలు కోసి రాక్ (ముక్కలు నిలబెట్టే జాలీ అర) మీద పెడతారు, నెల దాటాక అవన్నీ అతుక్కుని ఒక్కసారిగా పెరగడం మొదలుపెడతాయి, వాడకం రెట్టింపవుతుంది, డోస్ మాత్రం పాతదే. ఆల్కలినిటీ 8 నుంచి 6కి జారిపోయాక గానీ ఎవరూ టెస్ట్ చేయరు. ముక్కలున్న ట్యాంకులో రెండు రోజులకోసారి, ఒకే సమయంలో ఆల్కలినిటీ చూసి రాసుకోవాలి. మిగతా పరీక్షలు వారానికోసారి చాలు.

తల్లి కాలనీ, కోత

కొత్తగా కొన్న పగడాన్ని వెంటనే కోయొద్దు. మీ ట్యాంకులో కనీసం రెండు మూడు నెలలు పెరిగి, కొసల్లో కొత్త ఎదుగుదల కనబడుతున్న కాలనీనే ఎంచుకోండి. ఒక్కసారికి మూడో వంతుకు మించి తీయొద్దు.

కొమ్మ ఆక్రోపోరాకు బోన్ కట్టర్ చాలు. కొస నుంచి 3–5 సెంటీమీటర్లు తీయండి. కొసే ఎందుకంటే ఫ్లాట్‌వార్మ్ గుడ్లు పెట్టేది కండలేని అస్థిపంజరం మీద, అంటే ఎక్కువగా కాలనీ మొదట్లో. మొదలుతో పాటు తెచ్చుకున్న ముక్కలో గుడ్లు రావచ్చు, నిండా కండ కప్పుకున్న కొసలో ఆ ప్రమాదం చాలా తక్కువ. పలకలా పెరిగే మాంటిపోరాను చేత్తోనే విరవవచ్చు. బ్రెయిన్, అకాన్, చాలిస్ లాంటి గట్టి పగడాలను విరిస్తే ఎటు పడితే అటు పగులుతాయి, వాటికి వజ్రపు పొడి పూసిన బ్లేడున్న బ్యాండ్ సా కావాలి, బ్లేడు మీద ట్యాంకు నీళ్లే పారాలి. పాలిప్ నోటి మీదుగా కోయకుండా, నోటికీ నోటికీ మధ్య కోయండి. ప్రతి ముక్కకు కనీసం ఒక నోరుండాలి, రెండు మూడు ఉంటే నయం.

మీ హ్యామర్ కొమ్మల రకమైతే తల (కొమ్మ చివరి పాలిప్) కింద 2–3 సెంటీమీటర్లు వదిలి, కండ లేని కాడ మీద కోయాలి. ముందు ట్యాంకులోనే దాన్ని కదిపి టెంటకిల్స్ లోపలికి ముడుచుకునేదాకా ఆగండి. కండ తెగితే రెండు మూడు రోజుల్లో గోధుమరంగు జెల్లీ పట్టి తల మొత్తం కరిగిపోతుంది, పక్క తలకూ అంటుకుంటుంది. జెల్లీ కనబడగానే పంపులు ఆపి, పైపుతో పీల్చేసి, ఆ తలను వేరు చేయండి. గోడలా సాగే వాల్ హ్యామర్ అయితే మొదటి ఏడాది దాని జోలికి పోకండి.

జొవాంథిడ్ల దగ్గర మాత్రం మీ ప్రాణం సంగతి. జొవాంథిడ్లలో, ముఖ్యంగా పాలీథోవాలలో, పాలీటాక్సిన్ ఉండవచ్చు. తెలిసిన ప్రకృతి విషాల్లో అత్యంత తీవ్రమైన వాటిలో అదొకటి. ఏ పాలిప్‌లో ఎంత ఉందో చూసి చెప్పలేం. నైట్రైల్ గ్లవ్స్, కళ్లు మొత్తం కప్పే గాగుల్స్, చేతి మీద గాటు ఉంటే ఆ రోజు పని మానేయడం, ఇవి తప్పనిసరి. అవి పట్టిన రాయిని వేడినీళ్లలో మరిగించడం, ఆవిరితో కడగడం, ఎండిన రాయిని బ్రష్‌తో రుద్దడం ఎన్నడూ చేయొద్దు. వేడికి ఆ విషం చావదు, ఆవిరి తుంపర్లలో గాల్లోకి లేస్తుంది. రాయి మరిగించి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. కోసిన నీళ్లు ట్యాంకులోకి తిరిగి పోయకండి.

లెదర్ లాంటి మెత్తటి పగడాలకు గ్లూ పట్టదు, జిగురు వదిలి జారిపోతాయి. బ్లేడుతో కోసిన ముక్కను చిన్న రాళ్లు పోసిన గిన్నెలో, నీళ్ల కదలిక తక్కువగా ఉన్నచోట, పైన వల కప్పి వదిలేస్తే వారం పది రోజుల్లో అదే ఏదో ఒక రాయిని పట్టుకుంటుంది.

అతికించడం

సయనోయాక్రిలేట్ జెల్ వాడండి, నీళ్లలా పారే సూపర్‌గ్లూ కాదు. కొత్త సిరామిక్ ప్లగ్‌లను (ముక్కను అతికించే చిన్న బిళ్లలు) ఒకటి రెండు రోజులు ఆర్‌ఓ నీళ్లలో నానబెట్టి కడగండి. ముక్క అడుగును టిష్యూతో అద్ది తడి తీసేయండి. ప్లగ్ మీద బఠాణీ గింజంత జెల్ పెట్టి, ముక్కను గుచ్చి, వెంటనే మొత్తం నీళ్లలో ముంచండి. నీళ్లు తగలగానే జెల్ పైన తెల్లటి పొర కడుతుంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, మర్నాటికి ముక్క పక్కకు వాలి ఉంటుంది, ఎందుకంటే పొర లోపల జెల్ ఇంకా మెత్తగానే ఉంది. ముప్పై సెకన్ల తర్వాత బయటికి తీసి, మొదలు చుట్టూ ఇంకో చిన్న చుక్క తిప్పి, మళ్లీ ముంచి, నీళ్లలోనే పది దాకా లెక్కపెట్టేంత సేపు కదలకుండా పట్టుకోండి. కండ కింది అంచు జెల్‌ను తాకేలా ఉంచండి, మధ్యలో ఉత్త అస్థిపంజరం వదిలారంటే పగడం కంటే ముందు ఆ జాగాలో నాచు చేరుతుంది. ఈ పనంతా అయ్యేలోపు ముక్క గాల్లో నాలుగైదు నిమిషాలు ఉన్నా ఏమీ కాదు, తడిగా ఉంటే చాలు.

అతికించాక అయోడిన్ ఉన్న కోరల్ డిప్ అనే మందునీళ్లలో, సీసా మీద రాసిన మోతాదులో, ట్యాంకు ఉష్ణోగ్రతలోనే ముంచి, వేరే గిన్నెలో శుభ్రమైన ఉప్పునీళ్లతో కడిగి రాక్ మీద పెట్టండి. డిప్ పురుగుల్ని రాలుస్తుంది, గుడ్లను చంపదు. అందుకే బయటి నుంచి వచ్చిన ఏ పగడమైనా వేరే ట్యాంకులో ఆరు వారాలు, వారానికోసారి డిప్ చేస్తూ ఉండాలి. ఒక్కసారి డిప్ చేసి ‘క్లీన్’ అనుకుని లోపల పెట్టేయడం వల్లే ఆక్రోపోరా ట్యాంకులు మొత్తంగా ఖాళీ అవుతుంటాయి.

వెలుతురు తల్లి కాలనీ దగ్గరున్న దానిలో సగంతో మొదలుపెట్టి, రెండు వారాల్లో మెల్లగా పెంచండి. పార్ (జూజాంథెల్లే వాడుకోగల వెలుతురు కొలత) మీటరుంటే ఆక్రోపోరాకు చివరికి 200–350, హ్యామర్‌కు 80–150, జొవాంథిడ్లకు 50–100 సరిపోతుంది. నీళ్ల కదలిక మాత్రం మొదటి రోజు నుంచే కావాలి, గాయం వదిలిన జిగురు ముక్క మీద నిలిచిపోతే బాక్టీరియా పడుతుంది. మీరు కోసినవి వారంలో తెల్లబడ్డాయన్నారు కాబట్టి, రాక్‌ను లైటు దగ్గరగా, నీళ్ల పైభాగంలో పెట్టారేమో ముందు చూసుకోండి. ముక్కల రాక్ పైన వేలాడదీయడం అందరికీ అలవాటే, తల్లి కాలనీ ఉన్న లోతుకూ పైభాగానికీ పార్ రెండింతలు ఉండొచ్చు.

పది రోజుల్లో గాయం మూసుకుంటుంది. మూడు నాలుగు వారాల్లో కండ ప్లగ్ మీదికి సన్నటి అంచులా పాకుతుంది. అమ్మకం ఆ తర్వాతే. నిన్న కోసి ఇవాళ అమ్మే ముక్క ప్రయాణంలో పోతే కొన్నవాళ్లు మళ్లీ మీ దగ్గరికి రారు. ప్లగ్ మీద నాచు పడితే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను బ్రష్‌తో కండకు తగలకుండా రాసి, నిమిషం ఆగి కడగండి. రాక్ మీద ట్రోకస్ నత్తలు నాలుగు ఉంటే ఆ అవసరం తగ్గుతుంది.

గుండ్రాళ్ల లాంటి పగడాలు, మైక్రోఫ్రాగ్మెంటింగ్

బ్రెయిన్, స్టార్ పగడాలు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి. ఫ్లోరిడాలోని మోట్ మెరైన్ లాబొరేటరీలో డేవిడ్ వాన్ 2006 ప్రాంతంలో ఎల్క్‌హార్న్ అనే కొమ్మ పగడాన్ని తరలిస్తుండగా పొరపాటున అడుగున కొన్ని పాలిప్‌లు మిగిలిపోయాయి, అవి అనుకోనంత వేగంగా పెరిగాయి. ఆ గమనింపు నుంచి వచ్చిందే ఈ పద్ధతి. కాలనీని ఒక చదరపు సెంటీమీటరు ముక్కలుగా కోసి, మధ్యలో కొంచెం జాగా వదిలి ఒకే పలక మీద అతికిస్తారు. అంచులు ఎక్కువ, ఎదుగుదల అంచుల దగ్గరే, పైగా గాయం మాన్చుకునే ఊపు. ఒకే తల్లి ముక్కలు కాబట్టి అంచులు కలిసినప్పుడు పోట్లాడుకోకుండా ఒకే కాలనీగా అతుక్కుంటాయి. వేర్వేరు తల్లుల ముక్కలైతే కలిసినచోట కుట్టుకుంటాయి, మధ్యలో చచ్చిన గీత మిగులుతుంది. ట్యాంకులో కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది, బ్యాండ్ సా ఉండి, ఓపిక ఉంటే.

సముద్రంలో పని

అక్కడ ఇంకో రకం లెక్కలు. ఆక్రోపోరాకు బాగా నడిచేది పీవీసీ పైపుల చెట్టు. నిలువు కడ్డీకి అడ్డంగా కొమ్మలు, పైన తేలే బుడగ, కింద లంగరు, కొమ్మలకు చేపల గేలం దారంతో వేలాడే ముక్కలు. కోరల్ రెస్టొరేషన్ ఫౌండేషన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిది, ఒక చెట్టుకు 60 నుంచి 100 ముక్కలు. అన్ని వైపులా నీళ్లు ఆడతాయి, ఇసుక పడదు, నేల మీద పాకుతూ పగడాన్ని తినే నత్తలు, ఫైర్‌వార్మ్ పురుగులు సులువుగా ఎక్కలేవు. దారాల మీద, పైపుల మీద పట్టే నాచు, హైడ్రాయిడ్లు (నాచులా కనిపించే చిన్న జీవులు) గీకేయడమే అసలు చాకిరీ. నెలకోసారి తప్పినా దారానికి పట్టిన నాచు పగడపు ముక్క దాకా పాకుతుంది.

నాటేటప్పుడు సుత్తితో, తీగ బ్రష్‌తో తెల్లటి సున్నపురాయి కనబడేదాకా నాచు గీకి, ఎపాక్సీ ముద్దల మీద ముక్కను కనీసం మూడుచోట్ల రాయికి ఆనేలా పెడతారు. ఒకేచోట ఆనితే అల ఊపుకు తాకినచోట అరిగి ఊడిపోతుంది. డైనమైట్ పేలుళ్లతో గులకరాళ్లయిపోయిన దిబ్బ మీద ఎపాక్సీ పనికిరాదు, రాళ్లే దొర్లుతుంటాయి. ఇండోనేషియా సులవేసి దగ్గర చాక్లెట్ల మార్స్ కంపెనీ వాళ్లు వాడే ఆరు కాళ్ల ఇనుప చట్రాలకు ఒక్కోదానికి 15 ముక్కలు కట్టి, పక్కపక్కన కలిపి బిగించి గులకరాళ్ల మీద పరుస్తారు. అవి రాళ్లను కూడా కదలకుండా పట్టి ఉంచుతాయి.

హాబీవాళ్లకు మింగుడుపడనిది జన్యువుల సంగతి. మనకు నియాన్ రంగున్న ఒక్క కాలనీని వందలు చేయడం విజయం. సముద్రంలో అదే వైఫల్యం. ఒకే తల్లి నుంచి వచ్చిన వంద ముక్కలు జన్యుపరంగా ఒకటే జీవి. వాటి అండాలు, శుక్రకణాలు తమలో తాము కలిసి ఫలదీకరణం చెందడం ఆక్రోపోరాలో చాలా తక్కువ, ఒక రోగం వస్తే అన్నీ ఒకేసారి పోతాయి. కాబట్టి ఒకే తల్లి ముక్కలు పదేసి దగ్గరగా గుంపుగా నాటి (అవి త్వరగా కలిసిపోతాయి), కొన్ని మీటర్ల దూరంలో ఇంకో తల్లి గుంపు నాటుతారు. ప్రతి చెట్టుకూ, ప్రతి కొమ్మకూ ట్యాగ్ ఉండాలి. ట్యాగ్ పోయిన ముక్క ఎంత బాగున్నా ఏ తల్లిదో తెలియదు కాబట్టి ఆ ప్రణాళికకు అది పనికిరాదు.

వేడి ముందు ఇవేవీ నిలవకపోవచ్చు. 2023 వేసవిలో ఫ్లోరిడా నర్సరీల్లోని పగడాలను హడావుడిగా ఒడ్డు మీది ట్యాంకులకు తరలించాల్సి వచ్చింది. నాటేముందు అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా వారి కోరల్ రీఫ్ వాచ్‌లో ఆ ప్రాంతపు డిగ్రీ హీటింగ్ వీక్స్ (మామూలు వేసవి గరిష్ఠాన్ని మించిన వేడి వారాల తరబడి ఎంత పేరుకుందో చెప్పే లెక్క) చూస్తారు. 4 దాటితే బ్లీచింగ్, 8 దాటితే చావులు ఎదురుచూడాల్సిందే. దిబ్బ మొదట ఎందుకు చచ్చిందో ఆ కారణం అలాగే ఉంటే, మురుగైనా, బురదైనా, నాచు తినే చేపలు లేకపోవడమైనా, అక్కడ ముక్కలు నాటడం వట్టి ఫొటోల పని.

ట్యాంకు నుంచి సముద్రానికి ఎందుకు వద్దు

మీ ట్యాంకులోని ఆక్రోపోరా ఏ సముద్రం నుంచి వచ్చిందో మీకు తెలియదు. దానితో పాటు పరాయి దేశపు పురుగు, నాచు బీజం, బాక్టీరియా వెళ్తాయి. 1984లో మొనాకో తీరంలో అక్వేరియం నాచు కాలెర్పా టాక్సిఫోలియా ఒక చదరపు మీటరు మేర కనిపించింది, తర్వాత మధ్యధరా అడుగున వేల హెక్టార్లకు పాకింది. వెనిజులా తీరంలో అక్వేరియం వ్యాపారం ద్వారా చేరిన యునోమియా అనే మెత్తటి పగడం స్థానిక దిబ్బల్ని దుప్పటిలా కప్పేస్తోంది. అనుమతులున్న నర్సరీలు స్థానిక కాలనీలనే వాడేది అందుకే. మీకు ఆ పని మీద మనసుంటే ముక్కలు కాదు, చేతులివ్వండి. ఒడ్డు మీది నర్సరీలకు ఆల్కలినిటీ నిలబెట్టడం, ప్లగ్ అతికించడం, పురుగు గుర్తుపట్టడం వచ్చినవాళ్లు కావాలి.

కాగితాల సంగతి ఒక్క మాట: గట్టి పగడాలన్నీ సైటెస్ (ముప్పులో ఉన్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, ట్యాంకులో పెంచినవైనా దేశం దాటాలంటే పర్మిట్ కావాలి. దేశం లోపల పెట్టుకోవడానికి, అమ్మడానికి ఏ చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుందో మొదటి ముక్క కోయకముందే చూసుకోండి.

మీ దగ్గరున్న వాటితో మొదలుపెట్టాల్సిన వరుస: ముందు పలక మాంటిపోరా, నాలుగు ముక్కలే. అవి అతుక్కుని, రెండు నెలలు ఆల్కలినిటీ గీత 0.5 డీకేహెచ్‌కు మించి ఊగకపోతే హ్యామర్ తల ఒకటి. ఆక్రోపోరా ఆ తర్వాత. జొవాంథిడ్లు గాగుల్స్ కొన్నాక.